తమ్ముడు ధర్నాకి పోతే తప్పా అని అడిగిన అక్కకి

వందనాలు అక్కా. తిరుపతి కలెక్టరాఫీసు ముందర ధర్నాకి మీ తమ్ముడు పోతానంటే, బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయం ప్రకారం అది దేవునికి ఎదురు తిరగడమని సంఘంలో పెద్దాయన ఆపేసినాడన్నారు కదా. అధికారులకి లోబడమని అక్కడ ఉండేది నిజమే, కానీ అదే అధ్యాయం 4వ వచనంలో అధికారి మన మేలు కోసం ఉన్న దేవుని పరిచారకుడు అని కూడా ఉంది, మరి ఆ మేలు జరగనప్పుడు పోయి అడగడం తిరుగుబాటు ఎట్లవుతుంది చెప్పండి. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలునే చూడండి, ఫిలిప్పీ పట్టణంలో అధికారులు విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, పొద్దున్నే గుట్టుగా వెళ్ళిపొమ్మంటే పోలేదు, మేము రోమీయులం, అంటే రోమా పౌరులం, వాళ్ళే వచ్చి బయటికి తీసుకుపోవాల అన్నాడు, అపొస్తలుల కార్యములు 16:37లో ఉంది. ఒక్క రాయి విసరలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ధైర్యమొస్తాది.

మన రాజ్యాంగం 19వ అధికరణం కూడా ఆయుధాల్లేకుండా శాంతిగా గుమికూడే హక్కు ఇచ్చింది. పోనీండి అక్కా, కాకపోతే పర్మిషన్ ఉందో లేదో ముందే కనుక్కోమనండి, ఎవరన్నా బస్సు అద్దాలు పగలగొట్టడం, పోలీసోళ్ళని బూతులు తిట్టడం మొదలుపెడితే ఆ నిమిషమే ఇంటికొచ్చేయాల. ఆ ఎండలో నిలబడే కానిస్టేబుల్ కోసం కూడా ప్రార్థన చేసుకునే పోమనండి.