పాప లా చదువుతానంటే అంత టెన్షన్ ఎందుకన్నా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది: "మా పాప ఎంపీసీతో ఇంటర్ పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి. ఏఐ బ్రాంచిలో బీటెక్ చేయమంటే లా చదువుతానని మొండికేసింది. ఏఐ వచ్చాక లాయర్లకు పని ఉంటుందా? లా అయితే సైబర్ లా, ఏఐ లా డిప్లొమా చేయించమని తెలిసినాయన అంటున్నారు, ఫీజు లక్షన్నర. బీటెక్, లా రెంటినీ పోల్చి చెప్పండి."

అన్నా, పదేళ్ల కిందట ఇదే ప్రశ్న "లాయర్ చదువు చదివితే సంబంధాలు వస్తాయా" అని వచ్చేది. ఇప్పుడు దానికి ఏఐ తోడైంది. మీ అసలు భయం ఆడపిల్ల నల్లకోటు వేసుకుని కోర్టులు, పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగాలేమోనని. అది మీరు రాయలేదు గానీ నాకు అర్థమైంది. నేను నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తూనే ఈ సలహాలు చెప్తున్నాను, అక్కడ ఆడపిల్లలు ఎలా వాదిస్తారో రోజూ చూస్తున్నాను.

ముందు ఏఐ సంగతి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను చూసుకోకుండా కోర్టులో దాఖలు చేశారు. అసలు అలాంటి కేసులే లేవు! 5,000 డాలర్ల జరిమానా పడింది. నేనూ నోటీసు డ్రాఫ్టుకు ఏఐ వాడతాను, పని తొందరగా అవుతుంది. కానీ మన జిల్లా భూమి కేసు దాని చేతిలో పెట్టి చూడండి. నిజాం కాలం సేత్వార్, అంటే భూమి సర్వే నాటి మూల రికార్డు, ఉర్దూలో ఉంటుంది, తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు, దాని మీద 1950 కౌలుదారీ చట్టం కింద ఎవరికో హక్కు, ఆ పైన తాత రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాయించుకున్న కొనుగోలు పత్రం సాదాబైనామా, 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు పాస్‌బుక్కులో మరొకరి పేరు, ఇప్పుడు 2025 నుంచి దాని స్థానంలో భూభారతి. ఈ కాగితాల్లో సగం ఏ కంప్యూటర్లోనూ లేవు, ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వాటిని తెచ్చిన ముసలాయన చెప్పేది గంటసేపు ఓపిగ్గా విని, అందులో కోర్టుకు పనికొచ్చే ముక్క ఏదో పట్టుకోవాలి. మా సీనియర్ ఉర్దూ చదవగలిగేవారు కాబట్టి ఆయన దగ్గరికి పక్క జిల్లాల నుంచి కూడా కక్షిదారులు వచ్చేవాళ్లు.

ఇక ఆ డిప్లొమా. నాకు దాని మీద బొత్తిగా నమ్మకం లేదు. డిప్లొమాతో కోటు వేసుకోలేరు, ఎల్ఎల్‌బీ ఉండాలి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. సైబర్ లా అవసరం లేదనడం లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, సెల్‌ఫోన్ వీడియో దాఖలు చేయాలంటే సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. ఇది తెలియక చేతిలో ఉన్న సాక్ష్యం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కానీ దీన్ని నేర్చుకునేది సీనియర్ దగ్గర ఫైలు మోస్తూ. ఎంపీసీ చదివిన పిల్లకు హ్యాష్ అంటే ఏమిటో పది నిమిషాల్లో అర్థమవుతుంది, అవతలి సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌కు మాత్రం ఏళ్లు పడుతుంది. నేర్చుకునే క్రమాన్నే తలకిందులు చేసి లక్షన్నర అడుగుతున్నారు.

పోలిక అడిగారు కదా, ఒక్క విషయమే నిజంగా తేడా. బీటెక్ వాళ్లకు ఉద్యోగం దొరికితే మొదటి నెల నుంచే జీతం. లాయర్‌కు మొదటి నాలుగైదేళ్లు జేబు ఖాళీ. జూనియర్లకు స్టైపెండ్ ఇవ్వమని బార్ కౌన్సిల్ చెప్పింది గానీ తాలూకా కోర్టుల్లో అది చాలామందికి అందదు. జడ్జి పరీక్ష రాయాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఐదేళ్ల కోర్సుతో పాటు ఇంకో నాలుగేళ్ల ఖర్చు లెక్క వేసుకోండి. ఆ లక్షన్నర అప్పుడు పనికొస్తుంది. బీటెక్ అయ్యాక మూడేళ్ల లా కూడా చేయొచ్చు, కానీ ఇష్టం లేని నాలుగేళ్లు ఎందుకు చదివించడం?

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు అమెరికా ఉద్యోగం గురించి ఆరు లైన్లు ఉన్నాయి. పాపకు లా ఎందుకు ఇష్టమో ఒక్క లైను లేదు. అడిగారా అసలు? మన పాలమూరు గడ్డ మీద పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు లాయరే, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవి మీ పాపకు వస్తుందని కాదు, లాయరంటే మీరు చిన్నచూపు చూస్తున్నారని చెప్తున్నాను.

లా సీటు కోసం రాసే లాసెట్, క్లాట్ ప్రవేశ పరీక్షల వివరాలు పాపకే నాకంటే బాగా తెలిసి ఉంటాయి. మీరు చేయాల్సింది ఒకటే. కోర్టు నడిచే రోజు ఇద్దరూ నల్లగొండ రండి, హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని పొద్దంతా చూడనివ్వండి, ఎవరూ వద్దనరు. సాయంత్రం పాపతో నేను మాట్లాడతాను. ఆ అరగంట మీరు మాత్రం బయట చాయ్ తాగుతూ ఉండండి.