అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సేఫ్టీ రికార్డులు ఎన్నాళ్లు ఉంచాలి?

అమెరికాలో ఎయిర్‌పోర్టు నడిపేవాళ్లకు ఎస్‌ఎంఎస్ తప్పనిసరా, దాని కాగితాలు ఎన్నాళ్లు దాచాలి అన్నది ప్రశ్న. ఇది ఫోన్ మెసేజ్ కాదు లెండి, సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. 2023లో ఎఫ్‌ఏఏ, అంటే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ, దీన్ని పార్ట్ 139లో, అంటే ఎయిర్‌పోర్టుల సర్టిఫికెట్ నిబంధనల్లో చేర్చింది. అందరికీ కాదు. ప్రయాణికుల రద్దీని బట్టి పెద్ద, మధ్య, చిన్న హబ్‌లుగా లెక్కించేవాటికి, మూడేళ్ల సగటున ఏడాదికి టేకాఫ్‌లు, ల్యాండింగులు కలిపి లక్షకు తగ్గనివాటికి, కస్టమ్స్ లెక్కన అంతర్జాతీయ హోదా ఉన్నవాటికి.

ఉదాహరణకు, టాక్సీవే (విమానాలు రన్‌వేకు వెళ్లివచ్చే దారి) మలుపులో గీతలు వెలిసిపోయి రాత్రిపూట కనబడటం లేదని డ్రైవరొకాయన చెప్పాడనుకోండి. గీతలకు రంగు వేయించేసి ఊరుకుంటే సరిపోదు. ప్రమాదం ఏమిటి, ఎంత తీవ్రం, ఎన్నిసార్లు జరగొచ్చు, ఏం చేశారు, మిగిలిన రిస్కుకు యాజమాన్యం ఒప్పుకుందా అన్నవన్నీ రాతలో ఉండాలి. ఆ ఫైలును విశ్లేషణ పూర్తయ్యాక 36 నెలలు, లేదా దిద్దుబాటు పూర్తయ్యాక 12 నెలలు, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలి. చాలామంది తడబడేది ఇక్కడే: రంగు వేయడానికి బడ్జెట్ మూడేళ్లు ఆలస్యమైతే ఫైలు ఆయుష్షు కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఎస్‌ఎంఎస్ శిక్షణ రికార్డులు 24 నెలలు, సిబ్బందికి పంపిన భద్రతా సమాచారం 12 నెలలు. రోజువారీ తనిఖీ షీట్లకు పాత నియమమే, 12 నెలలు.

ఇంకోటి, చెప్పినవాళ్ల పేరు బయటపడకుండా ప్రమాదాల గురించి ఫిర్యాదు చేసే దారి కూడా ఉండాలి. నా లెక్కలో అసలు ప్రాణం అదే.