ఉగాండాలో పిల్లల పరిచర్య: మొదటి మూడు రోజులను నమ్మకండి

మీరు అడిగింది ఇది: "మాది విజయవాడ. మా సంఘం నుంచి రెండు వారాలు ఉగాండాలో పిల్లల పరిచర్యకు వెళ్లే అవకాశం వచ్చింది. నేనెప్పుడూ దేశం దాటలేదు. వెళ్లొచ్చినవాళ్లు మొదట్లో ఎలా అనిపించిందో చెప్తారా?"

మాది గుంటూరు సిస్టర్, బ్రాడీపేట. తొమ్మిదేళ్లుగా సండే స్కూల్ చెప్తున్నాను. మే నెల వచ్చిందంటే వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిల్ బడి) తప్ప నాకు ఇంకో పని ఉండదు. రెండేళ్ల కిందట ఆ మే చివర్లోనే మా సంఘం నుంచి ఐదుగురం ఉగాండా వెళ్లాం. మసాకా పట్నం దగ్గర ఒక పల్లె, అందులో చర్చివాళ్లు నడిపే బడి. పదిహేను రోజులు ఉన్నాం.

అన్నిటికంటే ముందు ఆశ్చర్యపడింది చలికి. ఇక్కడ రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. ఆఫ్రికా అంటే ఇంకెంత మండిపోతుందో అని కాటన్ బట్టలే సర్దుకున్నాను. కంపాలా చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి దాదాపు 1200 మీటర్ల ఎత్తు. ఎంటెబ్బేలో విమానం దిగితే విక్టోరియా సరస్సు మీంచి చల్లగాలి! తెల్లారుజామున దుప్పటి చాలక చున్నీ కూడా కప్పుకున్నాను. స్వెట్టర్ ఒకటి పెట్టుకోండి, నవ్వినవాళ్లను నవ్వనివ్వండి. మసాకా రోడ్డు మీద కయాబ్వే దగ్గర భూమధ్యరేఖ దాటతారు. అక్కడ గిన్నెలో నీళ్లు పోసి గీతకు ఇటు ఒకలా, అటు ఒకలా తిరుగుతాయని చూపిస్తారు. అది యాత్రికుల కోసం ఆడే ఆట, నమ్మకండి.

బడి దగ్గర వ్యాన్ ఆగీ ఆగకముందే పిల్లలు "ముయిందీ! ముయిందీ!" అని పరుగెత్తుకొచ్చారు. ముయిందీ అంటే ఇండియా మనిషి. తెల్లవాళ్లయితే ముజుంగు. మిషనరీ అంటే ముజుంగు అని వాళ్లకు అలవాటు. ఇండియావాళ్లంటే వాళ్లకు తెలిసింది కొట్లు, చక్కెర మిల్లులు. ఒక పిల్లాడు నన్ను సూటిగా అడిగాడు, "మీ షాపు ఎక్కడ?" అని. షాపు లేదంటే నమ్మలేదు. 1972లో అప్పటి నియంత ఇదీ అమీన్ అక్కడి మనవాళ్లను 90 రోజుల్లో దేశం వదిలిపొమ్మన్న సంగతి చర్చిలో ఒక పెద్దాయన చెప్పాడు. చెప్పి, "ఇండియాలో క్రైస్తవులు కూడా ఉంటారా?" అన్నాడు. మా ఊరికి మిషనరీ హయ్యర్ దొర 1842లో వచ్చాడని, మిషనరీ డాక్టరు కుగ్లర్ దొరసాని 1883లో వచ్చి ఆడవాళ్లకు వైద్యం చేసిందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మీరూ మాలాంటివాళ్లే, ఎవరో వచ్చి చెప్తే విన్నవాళ్లే" అన్నాడు. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు ఆ మాట ఎప్పుడూ తట్టలేదు.

ఇక పిల్లలు. అక్కడ బడి పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. నాకేమో నడుము దాకా జడ. మొదటిరోజు మధ్యాహ్నానికే పదిమంది నా వెనక చేరి జడ విప్పడం, మళ్లీ అల్లడం. చెయ్యి పట్టుకోవడానికి పోటీ, ఒక్కో వేలికి ఒక్కో పిల్ల. రాత్రి అమ్మకు వాట్సాప్‌లో "నేను ఇక్కడే ఉండిపోతానమ్మా" అని పెట్టాను. నిజంగానే అనిపించింది. మీకూ అనిపిస్తుంది. అందుకే ముందుగా చెప్తున్నాను. ఆ పిల్లలు కొత్తగా ఎవరొచ్చినా అలాగే వాలిపోతారు, మన ఊళ్లో పెళ్లివాళ్ల బస్సు దిగితే పిల్లలు మూగినట్టు. అందులో ప్రేమ లేదని కాదు. కానీ నేనేదో చేసినందుకు వచ్చిన ప్రేమ కాదది. అప్పటికి నేను చేసింది జడ ఇవ్వడమే.

రెండోరోజు నేను చేసిన తప్పు ఇంకా గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి గ్లాసులో జావ తెచ్చి, నా ముందు మట్టిలో రెండు మోకాళ్ల మీద కూర్చుని అందించింది. నాకు ఒళ్లంతా ఝల్లుమంది. గబుక్కున భుజాలు పట్టి లేపేశాను, "వద్దు, వద్దు" అంటూ. మా తాత ఊళ్లో పెద్దల ముందు కండువా తీసి నడుముకు కట్టుకుని దూరంగా నిలబడేవాడని మా ఇంట్లో వందసార్లు విన్నాను. ఇంకొకరు నా ముందు వంగడం నేను చూడలేను. ఆ పిల్ల ముఖం మాత్రం వాడిపోయింది. సాయంత్రం అక్కడి టీచరక్క నెమ్మదిగా చెప్పింది. గాండా వాళ్లలో, అంటే ఆ ప్రాంతపు తెగవాళ్లలో, ఆడపిల్లలు పెద్దవాళ్లను పలకరించేటప్పుడు అలా మోకరిస్తారు, అది వాళ్ల మర్యాద. నేను లేపేసరికి తనేదో తప్పు చేశాననుకుందట. నాకు ఆ పద్ధతి ఇప్పటికీ నచ్చదు, ఆడపిల్లలే ఎందుకు చెయ్యాలి? కానీ రెండోరోజు వచ్చిన మనిషి సరిచేయాల్సిన విషయం కాదది. మర్నాడు ఆ పిల్ల మళ్లీ వచ్చి మోకరిస్తే నేనూ కింద కూర్చుని "వెబాలే న్యో" అన్నాను. చాలా థ్యాంక్స్ అని అర్థం. నా ఉచ్చారణకు పడీపడీ నవ్వింది.

పాఠాల సంగతి. యేసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథకు చార్టులు, దూది గొర్రెలు ఇక్కడినుంచే మోసుకెళ్లాను. గదిలో ఎనభైమంది దాకా ఉన్నారు, నా దగ్గర దూది గొర్రెలు ముప్ఫై. మన ఇంగ్లీషు స్పీడు వాళ్లకు అందలేదు. పది నిమిషాల్లో గది సంతలా తయారైంది. టీచరక్క లేచి, చార్టూ లేకుండా, మందలో మేకలు లెక్కపెట్టడం ఎలాగో వాళ్ల లుగాండా భాషలో ఆడి చూపిస్తూ అదే కథ చెప్పింది. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. నేను వెనక కూర్చుని దూది గొర్రెలు సంచిలో పెట్టేసుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన పనికొచ్చే పనులు చెప్పమంటారా? హోంవర్క్ పుస్తకాలు దిద్దాను, చిన్నవాళ్లకు జావ పోశాను, టీచరక్కకు జ్వరం వచ్చిన రోజు హాజరు పిలిచాను. మీరూ మొదటిరోజే అక్కడి టీచర్లను "మీకేం కావాలి?" అని అడగండి. నేను అయిదోరోజు అడిగాను.

మధ్యలో నాకే రెండు రోజులు కడుపు పాడైంది. మూడోరోజు బడికి వెళ్తే ఆ టీచరక్క ఎదురొచ్చి, "టీచర్, యూ ఆర్ లాస్ట్!" అంది, తప్పిపోయావు అన్నట్టు. తప్పిపోయిన గొర్రె పాఠం చెప్పొచ్చినదాన్ని కదా, నా రక్షణ మీదే అనుమానమొచ్చిందేమోనని టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, చాన్నాళ్లు కనిపించకపోతే అక్కడ అలా అంటారు. మనం "నల్లపూసైపోయావే" అనమూ, అదే.

తిండికి ఇబ్బంది లేదు. పోషో అంటే మొక్కజొన్న సంకటి, దాంట్లోకి చిక్కుడు గింజల కూర. మతోకె అంటే పచ్చి అరటికాయ ఉడికించి మెదిపింది. కారం మాత్రం ఉండదు, గోంగూర పచ్చడి తీసుకెళ్లండి. మనవాళ్ల చపాతీని అక్కడ కోడిగుడ్డు అట్టుతో చుట్టి రోలెక్స్ అని అమ్ముతారు, తప్పకుండా తినండి. జూన్ 3 అక్కడ హతసాక్షుల దినం, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లను తలుచుకునే రోజు, సెలవు. వాళ్లు చనిపోయిన నముగోంగోకి రోజుల తరబడి నడిచి వచ్చేవాళ్లను చూస్తే మీకు గుణదల తిరునాళ్లే గుర్తొస్తుంది.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అన్ని ఆసుపత్రుల్లో వేయరు. మేం హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాం. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడగండి. టూరిస్ట్ వీసా మీద బడిలో పనిచేయొచ్చో లేదో పిలిచినవాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. "దేవుడు చూసుకుంటాడులే" అనే పెద్దలు ప్రతి టీములోనూ ఒకరుంటారు, మా టీములోనూ ఉన్నారు.

మీరు వెళ్లేది బడికా, పిల్లల హోమ్‌కా (అనాథాశ్రమానికా) అన్నది రాయలేదు. హోమ్ అయితే ఇంకోసారి ఆలోచించండి. అలాంటి హోముల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. రెండు వారాలకోసారి కొత్త అక్క వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే ఆ పిల్లలకు ఎలా ఉంటుందో మీరే ఊహించండి. అనాథాశ్రమాల్లో ఇలాంటి వాలంటీర్ యాత్రల వల్ల జరిగే హానిని అరికట్టాలని 2019లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ పిల్లల హక్కుల తీర్మానంలోనే చెప్పింది. నేనైతే హోమ్‌కు వెళ్లను.

ఫొటోలు కూడా. చిరిగిన యూనిఫాంలో ఉన్న పిల్లాడితో దిగింది నేను స్టేటస్ పెడితే మా పిన్ని "పాపం" అని రాసింది. టీచరక్క అది చూసి, "మీ గుంటూరు బడి పిల్లల ఫొటో కూడా ఇలాగే పెడతారా?" అని అడిగింది. తీసేశాను.

టికెట్టు, వీసా, టీకా కలిపి మనిషికి లక్ష దాటింది. "ఆ డబ్బు ఆ బడికే పంపొచ్చుగా" అన్నారు మా నాన్న. నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు. అయినా మీరు అడిగితే వెళ్లమనే అంటాను.

ఒక్కటి మాత్రం చేయకండి. బయల్దేరే రోజు ఆ జావ తెచ్చిన పిల్ల "మళ్లీ ఎప్పుడు?" అంది. ఏడుపు ఆపుకోలేక "వచ్చే ఏడు" అనేశాను. ఏడు దాటింది, ఇంకోటీ దాటింది. పోయిన నెల టీచరక్క దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక పిల్లల గోల, ముందు ఆమె గొంతు: "టీచర్, యూ ఆర్ లాస్ట్!" ఈసారి అర్థం ఎవర్నీ అడగలేదు.