ఏడో తరగతి లెక్కల హోంవర్క్‌కి ట్యూషన్ పెట్టాలా, మేమే చెప్పుకోవాలా?

అడిగినవారి బాధ ఇది: బాబు ఏడో తరగతి. జ్యామితి, శాతాలు, ప్రాబబిలిటీ హోంవర్క్ అనగానే ఏడుపు మొదలు. అమ్మానాన్నలిద్దరూ తెలుగు మీడియంలో చదివారు. ట్యూషన్ పెట్టాలా, ఆప్ కొనాలా, తామే చెప్పుకోవాలా అని అడుగుతున్నారు.

మీరే చెప్పండి. నేనూ తెలుగు మీడియమే. బీకాం చదివి, తెనాలిలో ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తున్నాను. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. కిందటేడు వరకూ మా ఇంట్లోనూ ఇదే ఏడుపు. అది ఎలా ఆగిందో చెప్తాను.

ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి స్కూలు వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ వచ్చింది. అసలు ఆ టైముకి హోంవర్క్ పంపడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్ల అన్నం తిని పడుకునే వేళ అది. సరే, పన్నెండు లెక్కలు. ఏడో లెక్క దగ్గర ఆగిపోయింది. నాలుగు నాణేలు ఒకేసారి ఎగరేస్తే సరిగ్గా రెండింటికి బొమ్మ పడే ప్రాబబిలిటీ ఎంత అని. తను 1/5 అని రాసింది. పుస్తకం వెనక జవాబు 3/8 అని ఉంది. చెరిపి, మళ్లీ చేసి, మళ్లీ చెరిపి, చివరికి ఆ చోట కాయితం చిరిగింది. అప్పుడు వచ్చింది కన్నీళ్లు.

నేను తప్పు అనలేదు. "నీకు 1/5 ఎలా వచ్చిందో నాకు తెలుగులో చెప్పు" అన్నాను. ముక్కు చీదుకుంటూనే చెప్పింది: "బొమ్మలు ఒక్కటీ పడకపోవచ్చు, ఒకటి పడొచ్చు, రెండు, మూడు, నాలుగు పడొచ్చు. మొత్తం ఐదు రకాలు. అందులో రెండు పడడం ఒకటి. అందుకని ఐదింట్లో ఒకటి."

చూశారా, ఆ పిల్ల బద్ధకంతో రాసిన జవాబు కాదది. ఆలోచించే రాసింది. నాకు కూడా ఒక్క క్షణం నిజమే కదా అనిపించింది. ఫ్రాన్సులో డాలంబర్ అని పేరున్న గణిత శాస్త్రవేత్త 1754లో ఒక విజ్ఞాన సర్వస్వంలో రెండు నాణేల విషయంలో అచ్చు ఇలాంటి పొరపాటే రాశాడని తర్వాత చదివాను. అంతటివాడికే తట్టనిది పదమూడేళ్ల పిల్లకి తట్టలేదని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేస్తే ఎలా?

పక్కన మా అత్తయ్యగారు దూదితో వత్తులు చేసుకుంటున్నారు. అంతా విని, "అదేంటే, రెండు పడ్డట్టు చెమ్మ పడుద్దా? చెమ్మ కోసం కూర్చుంటే తెల్లారిపోద్ది" అన్నారు.

అష్టాచెమ్మ ఆడినవాళ్లకి ఆ మాట వెంటనే తడుతుంది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. మా అమ్మాయి ఏడుపు ఆపి నానమ్మ వంక చూసింది. "అవును నానమ్మా, ఎందుకు పడదు?" అంది. అదీ అసలు ప్రశ్న. స్కూల్లో ఆ ప్రశ్న తనకి రానేలేదు.

పుస్తకం మూసేసి గవ్వలు తీశాం. అత్తయ్యగారు వేస్తుంటే అమ్మాయి నోటు పుస్తకంలో గీతలు పెట్టింది. 80 సార్లు వేశారు. ఒక్కటీ వెల్లకిలా పడనివి 9, ఒకటి పడ్డవి 24, రెండు 28, మూడు 15, చెమ్మ 4. ఐదూ సమానమైతే ఒక్కోటి 16 సార్లు రావాలి కదా, మరి చెమ్మ నాలుగే వచ్చిందేం అని తనే అడిగింది. ఇంకోటి కూడా తనే పట్టుకుంది. ఒకటి పడ్డవి ఎక్కువ, మూడు పడ్డవి తక్కువ ఉన్నాయని. గవ్వకి ఒక పక్క గుండ్రం, ఒక పక్క చదును. రెండు వైపులా ఒకేలా పడాలన్న రూలేం లేదు. అప్పుడు గవ్వలు పక్కన పెట్టి నాలుగు రూపాయి బిళ్లలు తీసుకున్నాం. మళ్లీ 80 సార్లు. ఈసారి బొమ్మలు లేనివి 4, ఒకటి 21, రెండు 31, మూడు 18, నాలుగు 6.

రెండే ఎక్కువ ఎందుకొస్తోంది? ఇక్కడ నా బొట్టుబిళ్లల అట్ట పనికొచ్చింది. నాలుగు బిళ్లలకీ నాలుగు రంగులు అంటించాను. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం. "రెండు బొమ్మలంటే ఏ రెండు?" అన్నాను. ఎరుపు పచ్చ, ఎరుపు పసుపు, ఎరుపు నీలం అని మొదలుపెట్టి ఆరు రాసింది. నాలుగూ బొమ్మలే పడడానికి ఒక్కటే దారి, ఒక్కటీ పడకపోవడానికీ ఒక్కటే. ఒకటి పడడానికి నాలుగు దారులు, మూడు పడడానికీ నాలుగే. మొత్తం కూడితే 16. పదహారులో ఆరు, అంటే 3/8. జవాబు నేను చెప్పలేదు, మా అత్తయ్యగారూ చెప్పలేదు. టైము పదిన్నర అయింది, మిగతా ఐదు లెక్కలు ఆ రాత్రి చెయ్యలేదు. సోమవారం క్లాసులో చెయ్యని లెక్కలకి మాట పడింది. పడనివ్వండి. ఆ ఒక్క లెక్క ఆ ఐదింటికీ సమానం.

ఫొటో తీస్తే జవాబు చూపించే ఆప్‌లంటే నాకు పడనిది ఇందుకే. ఆప్ 3/8 అని చూపిస్తుంది, కింద సూత్రం కూడా ఇస్తుంది. 1/5 ఎందుకు కాదో పిల్ల మనసులో అలాగే ఉండిపోతుంది. ట్యూషన్లలో చాలావరకు జరిగేదీ అదే. ముప్పై మందిని కూర్చోబెట్టి బోర్డు మీద లెక్క చేసేస్తారు, వీళ్లు ఎక్కించుకుంటారు. నోటు పుస్తకం నిండుతుంది, అమ్మానాన్నలకి టెన్షన్ తగ్గుతుంది. పిల్లకి మాత్రం ఏమీ తగ్గదు.

శాతాలకి మన భాషలోనే తాళం ఉంది. శాతం అంటే నూటికి ఎంత అని. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అన్న మాట వినని పిల్లలు మన ఊళ్లలో ఉండరు. లక్ష రూపాయలకి నెలకి రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు, అంటే సంవత్సరానికి 24 శాతం. పుస్తకంలో 2 శాతం అంటే ఏడాదికి, బజార్లో రెండు రూపాయలంటే నెలకి. ఈ తేడా ఒక్కసారి చెప్పండి, బాబు జన్మలో మర్చిపోడు. మా అమ్మాయికి నేను షాపు లెక్క చెప్పాను. 400 చీర మీద 25 శాతం పెంచి 500 చీటీ అంటిస్తారు, దాని మీద 20 శాతం తగ్గింపు అని బోర్డు పెడతారు. కొనేవాళ్లు ఇచ్చేది మళ్లీ 400. పెంచింది పాతిక, తగ్గించింది ఇరవై, డబ్బు మాత్రం అదే నూరు. ఎందుకంటే నూటికి ఎంత అన్నప్పుడు ఏ నూరు అన్నది మారిపోయింది. అప్పటి నుంచీ తను లెక్క మొదలుపెట్టే ముందు "దేని మీద?" అని అడుగుతుంది. శాతాల చాప్టర్ అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

జ్యామితికి ఖాళీ అగ్గిపెట్టె చాలు. లోపలి అర తీసేసి పైడొల్లని నిలబెట్టి, ఒక మూల మీద మెల్లగా నొక్కమనండి. దీర్ఘచతురస్రం సమాంతర చతుర్భుజం అవుతుంది, ఇంకా నొక్కితే పూర్తిగా అణిగిపోతుంది. నాలుగు భుజాలూ ముందెంత ఉన్నాయో అంతే ఉన్నాయి. చుట్టుకొలత మారలేదు, లోపలి చోటు మాత్రం మాయమైంది. భూమిని, అంటే కింది భుజాన్ని, ఎత్తుతోనే ఎందుకు గుణించాలో, పక్క భుజంతో ఎందుకు గుణించకూడదో వేలికి తెలుస్తుంది.

ఇది పెద్దవాళ్లకీ అవసరమే. వంకరగా ఉన్న స్థలాన్ని ఎదురెదురు భుజాల సగటు తీసి గుణించడం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు. ఆ లెక్క అసలు వైశాల్యం కన్నా ఎక్కువే చూపిస్తుంది, సరిగ్గా దీర్ఘచతురస్రమైతేనే సమానం. 40 అడుగులు, 30 అడుగులు భుజాలున్న స్థలం ఒక పక్కకి వాలి ఎత్తు 28 అడుగులే ఉంటే, కాయితం మీద 1200 చదరపు అడుగులు, నేల మీద 1120. ఆ 80 అడుగులకీ కొనేవాళ్లు డబ్బు కడతారు. మా నాన్నగారు అలాగే కట్టారు. మూల నుంచి మూలకి టేపు పట్టి, రెండు త్రిభుజాలుగా చేసి లెక్కేసుకుంటే ఆ నష్టం ఉండేది కాదు.

తెలుగులో చెప్తే పిల్లలు వెనకబడతారని కొందరు భయపెడతారు. సంస్కృతంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన శతాబ్దాల కిందటే తెలుగు పద్యాల్లో చెప్పాడు. మన భాషకి లెక్కలు కొత్త కాదు. ముందు లెక్కని బాబు నోటితో తెలుగులో చెప్పించండి, తర్వాత ఇంగ్లిష్‌లో రాయమనండి. సర్కారు బడి పుస్తకాలు ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. ప్రైవేటు స్కూలు పిల్లలైనా సరే, ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

మీకు నిజంగా తీరిక లేక ట్యూషన్ పెట్టక తప్పకపోతే, ఫీజు కట్టే ముందు ఒక్కరోజు బాబు పక్కన కూర్చోండి. వాడు తప్పు జవాబు చెప్పినప్పుడు ఆ మాస్టారు "ఎలా వచ్చింది?" అని అడుగుతారో, చెరిపేసి తనే రాసేస్తారో చూడండి. అడిగేవారు దొరికితే, వారం వారం ఎంత దూరమైనా తీసుకెళ్లండి.