ఆ బాల్కనీ సీన్ ముందు షూట్ చెయ్యి

చి. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. చదువు అయిపోయి రెండేళ్లయినా ఏం చేయాలో తోచని కుర్రాడి కథ. డబ్బు లేదు, పేరున్న నటులు లేరు, స్నేహితులే యూనిట్ అన్నావు. చాలా సంతోషం. పాతికేళ్లుగా ఎడిటింగ్ రూమ్‌లో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్పాల్సింది షూటింగ్‌కి ముందే చెప్పేస్తున్నాను. తీసేశాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

మొదటి సీన్‌లో మీవాడు మూడు నిమిషాలు మంచం మీద పడుకుని పైకప్పు వంక చూస్తుంటాడు. ఇలాంటి సినిమాలు తీసేవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వాడికి విసుగ్గా ఉందని చెప్పడానికి మనకు విసుగు తెప్పిస్తారు. జీవితంలో ఏం కావాలో తెలియనివాడికి కూడా ఈ పూటకి ఏదో ఒకటి కావాలి కదా. అమ్మ ఫోన్ తప్పించుకోవాలి. ఉద్యోగం వచ్చిన ఫ్రెండ్‌కి ఎదురుపడకుండా సందు తిరిగిపోవాలి. ఆ చిన్న చిన్న అవసరాలు పట్టుకో. ప్రతి సీన్ పక్కనా "ఇప్పుడు వీడికి ఏం కావాలి?" అని రాసుకో. జవాబు దొరకని సీన్‌ని కొట్టెయ్యి, ఎంత ఇష్టమైనదైనా సరే.

ముప్పై నాలుగో పేజీలో ఒక సంగతి ఉంది, నువ్వు రెండు లైన్లు రాసి వదిలేశావు. పన్నెండు దాటినా వాడింకా పక్క దిగలేదు. అమ్మ ఫోన్ చేస్తుంది. వెంటనే ఎత్తడు. దుప్పటి మీద వేసుకునే బాల్కనీలోకి వెళ్లి, వెనక తలుపు మూసి, అప్పుడు ఎత్తుతాడు. కింద రోడ్డు మీద హారన్లు. "బయట ఉన్నానమ్మా, పని మీద వచ్చాను" అంటాడు. చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. నీ సినిమా మొత్తం అక్కడే ఉంది. స్నేహితులు మేడ మీద కూర్చుని భవిష్యత్తు గురించి మాట్లాడుకునే పది పేజీలూ దాని ముందు నిలబడవు. ఆ రెండు లైన్లని రెండు నిమిషాల సీన్ చెయ్యి. అమ్మ గొంతు మనకి వినపడనక్కర్లేదు, కెమెరా వాడి ముఖం మీదే ఉండాలి. ఫోన్ పెట్టేశాక వాణ్ని వెంటనే లోపలికి పంపకు. కాసేపు ఆ దుప్పటితో అక్కడే నిలబడనివ్వు.

బడ్జెట్ లేదని బెంగ పెట్టుకున్నావు. ఈ తరహా సినిమాలు పుట్టిందే డబ్బు లేక. అమెరికన్ డైరెక్టర్ కెవిన్ స్మిత్ తాను పనిచేసే దుకాణంలోనే, అక్కడ పనిచేసే ఒక కుర్రాడి కథగా 'క్లర్క్స్' తీశాడు. 1994లో వచ్చింది, ఖర్చు 27,575 డాలర్లు. దుకాణం మూసేశాక రాత్రిళ్లే తీయడానికి వీలుండేది, కథేమో పగలు జరగాలి. అందుకని ఎవరో తాళాల్లో చూయింగ్ గమ్ పెట్టారని, షట్టర్లు తెరుచుకోవడం లేదని కథలోనే పెట్టేశాడు. దాంతో సినిమా అంతా ఆ కుర్రాడు మూసిన షట్టర్ల వెనక ఇరుక్కుపోయినట్టు కనిపిస్తాడు. ఇంకో అమెరికన్ డైరెక్టర్ జిమ్ జార్‌ముష్, వేరే డైరెక్టర్ దగ్గర మిగిలిపోయిన ఫిల్మ్‌తో 'స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్' మొదలుపెట్టాడు. 1984లో విడుదలైన ఆ సినిమాలో ఒక్కో సీన్ ఒక్కటే షాట్, మధ్యలో కాసేపు నల్ల తెర. ఏ రోజూ ఇంకో రోజుకి అతకని ఆ మనుషుల బతుక్కి అంతకంటే సరిపోయే పద్ధతి ఇంకోటి నాకు తోచదు. నువ్వు కూడా ముందు ఊరికే దొరికే చోట్లు, ఊరికే దొరికే వేళలు ఒక కాగితం మీద రాసుకుని, కథని వాటిలోకి తెచ్చుకో.

ఉన్న కాస్త డబ్బూ సౌండ్ మీద పెట్టు. బొమ్మ కాస్త చీకటిగా ఉంటే జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. ఇలాంటి కథల్లో మాటలు సగంలో ఆగిపోతాయి, నీళ్లు నములుతారు, నిట్టూరుస్తారు. అవన్నీ డబ్బింగ్‌లో తిరిగి రావు. అందుకే సింక్ సౌండ్‌కే, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే పద్ధతికే వెళ్లు. నేను ఎడిట్ చేసిన ఒక చిన్న సినిమాలో వంటింటి సీన్ ఉంది, ఇద్దరూ అద్భుతంగా చేశారు. కానీ ఫ్రిజ్ ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. ఒక షాట్‌లో దాని మోత ఉంటుంది, పక్క షాట్‌లో ఉండదు. కట్ చేసిన ప్రతిచోటా చెవికి గతుకు తగిలేది. చివరికి అందులో మంచి సగం వదిలేసుకున్నాం, ఇప్పటికీ బాధే. కాబట్టి ఫ్రిజ్ ఆపండి. బండి తాళాలు అందులో పెట్టండి, ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి లొకేషన్‌లో అందరూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడి అర నిమిషం ఖాళీ శబ్దం, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినపడేది, రికార్డు చేయండి. ఎడిటర్ నీకు జన్మంతా రుణపడి ఉంటాడు.

స్నేహితులతో నటింపజేసేటప్పుడు డైలాగులు బట్టీ పట్టించకు. సీన్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పి మాటలు వాళ్లనే వెతుక్కోమను. కానీ రిహార్సల్ మాత్రం మానకు. రిహార్సల్ లేకుండా వదిలేస్తే అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎక్కడా కట్ దొరకదు. అందరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకో. హక్కులు లేని పాట బ్యాక్‌గ్రౌండ్‌లో కూడా వినపడనివ్వకు, రేపు ఫెస్టివల్‌కి పంపేటప్పుడు అదే అడ్డం వస్తుంది.

చివర్లో వాడికి ఉద్యోగం వచ్చినట్టు రాశావు. వద్దమ్మా. గంటన్నర పాటు వాడితో పాటు తోచకుండా తిరిగినవాళ్లకి అది మోసంలా అనిపిస్తుంది. అలాగని వాణ్ని ముంచేయకు కూడా. నాకు తోచింది చెప్తాను, నచ్చితే వాడుకో. మళ్లీ అమ్మ ఫోన్ వస్తుంది. ఈసారి వాడు బాల్కనీలోకి వెళ్లడు. మంచం మీద కూర్చునే ఎత్తి "ఇంట్లోనే ఉన్నానమ్మా" అంటాడు. అంతే, అక్కడ కట్ చెయ్యి.

ఇంకో రెండేళ్లు ఆగి బాగా నేర్చుకుని తీస్తాను అని మీ అమ్మతో అన్నావట. ఆగకు. ఇప్పుడు నీకూ ఏం తోచడం లేదు కాబట్టే ఆ దుప్పటి సంగతి రాయగలిగావు. రెండేళ్ల తర్వాత నువ్వు ఎక్కడో కుదురుకుంటావు, అప్పుడు ఇదంతా జ్ఞాపకంగా మిగులుతుంది, జ్ఞాపకానికి మనం రంగులు పూస్తాం.

వచ్చే ఆదివారం బాల్కనీ సీన్ ఒక్కటీ ఫోన్‌తోనే తీసి, ఎడిట్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు నాకు పంపు. పాడైపోయిన టేకులు కూడా పంపు. నేను కట్ చేసి, సౌండ్ సర్ది, ఎక్కడ ఏం చేశానో రాసి తిరిగి పంపిస్తాను.

మీ మామయ్య