గేదెకు పనికొచ్చిన గడ్డి గుర్రానికి పనికిరాదా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది చేవెళ్ల దగ్గర పల్లె, రెండెకరాల ఎర్రచెలక ఉంది. పిల్లలు ముచ్చట పడితే రెండు మార్వారీ గుర్రాలు తెచ్చాం. వానాకాలమంతా చెలకలో వదిలేశాం. మొదట మోకాలెత్తు గడ్డి ఉండేది, దీపావళి నాటికి సగం చోట్ల నేల తేలింది, మిగతా సగంలో గడ్డి ముదిరిపోయినా అవి ముట్టడం లేదు. ఎండాకాలం తలుచుకుంటే ఇప్పటి నుంచే టెన్షన్. ఏడాది పొడవునా మేత ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: నమస్తే. నేల తేలడానికీ గడ్డి ముదరడానికీ కారణం ఒకటే, గుర్రాలకు పొలమంతా ఒకేసారి వదిలేశారు. గేదె నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది కాబట్టి కింద కొంత మిగులుతుంది. గుర్రానికి పైన, కింద రెండు వైపులా కొరికే పళ్లుంటాయి, అది నేల దాకా గీకేస్తుంది. నిన్న తిన్నచోట ఇవాళ లేత చిగురు వస్తే మళ్లీ అక్కడికే పోతుంది. లద్ది వేసిన చోట మాత్రం మూతి పెట్టదు, అందుకే అక్కడ గడ్డి ముదురుతుంది.

ముందు పొలాన్ని విడగొట్టండి. రెండెకరాలంటే 80 గుంటలు. సాల పక్కన ఓ 8 గుంటలు వదిలేసి అక్కడ మొరం పోయించండి, గడ్డి మీద ఆశ పెట్టుకోకండి. మిగిలిన 72 గుంటల్ని 18 గుంటల చొప్పున నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్క నుంచి ఆ మొరం దొడ్లోకి దారి ఉండేలా చూసుకోండి. కంచెకు ముళ్లతీగ మాత్రం వద్దు, గుర్రం బెదిరితే చర్మం చీరుకుపోతుంది. వెడల్పు టేపుతో సోలార్ కంచె వేస్తే ముక్కలు మార్చుకోవడం కూడా తేలిక.

గడ్డి జానెడు ఎత్తుకు వచ్చాక గుర్రాల్ని వదలాలి, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలినప్పుడు తీసేయాలి. వానలు బాగుంటే ఒక్కో ముక్కలో వారం రోజులు మేపితే, దానికి మూడు వారాలు విశ్రాంతి దొరుకుతుంది. వేళ్లు నిలదొక్కుకునేది ఆ మూడు వారాల్లోనే. ముసురు పట్టి నేల బురదగా ఉన్న రోజుల్లో గుర్రాల్ని మొరం దొడ్లోనే ఉంచి ఎండుగడ్డి వేయండి, ఎందుకంటే బురదలో డెక్కలు గడ్డి వేళ్లను తొక్కి చంపేస్తాయి, ఆ నష్టం ఆ సీజన్‌లో పూడదు.

తొలకరి తర్వాత లేత గడ్డి చూసి ఆశపడి ఒక్కసారిగా వదలకండి. ఎండుమేతకు అలవాటు పడ్డ కడుపు అది, విరేచనాలు కావచ్చు, కడుపునొప్పి రావచ్చు. మొదటిరోజు ఓ గంట, అలా పెంచుకుంటూ రెండు వారాలకు పూర్తి మేతకు తీసుకురండి. కొత్తగా నాటిన గడ్డి అయితే గుప్పెడు పట్టుకుని గట్టిగా లాగి చూడండి. ఆకు తెగి చేతికొస్తే వదలొచ్చు, వేరుతో సహా ఊడివస్తే ఇంకా ఆగాలి.

లద్దిని వారానికి రెండుసార్లు ఎత్తించండి. నట్టల (కడుపులోని పురుగుల) మందు కన్నా ముందు చేయాల్సిన పని ఇదే, లద్దిలోని గుడ్లు పిల్లలై గడ్డి మీదికి పాకకముందే తీసేస్తాం కాబట్టి. మీకు గేదెలుంటే గుర్రాల వెనక అదే ముక్కలో వాటిని మేపండి. గుర్రం వదిలేసిన ముదురు గడ్డిని అవి తింటాయి, గుర్రపు నట్టల పిల్లలు చాలావరకు గేదె కడుపులో బతకవు. వానాకాలంలో జోరీగలు సర్రా అనే రక్తంలోని పరాన్నజీవి రోగాన్ని మోసుకొస్తాయి, జ్వరం వచ్చిపోతూ గుర్రం చిక్కిపోతుంటే రక్తపరీక్ష ఆలస్యం చేయకండి.

ఇక ఎండాకాలం. దాని పని సెప్టెంబర్, అక్టోబర్‌లోనే మొదలవ్వాలి. మీ చెలకలో వర్షాధారంగా నాలుగైదు నెలలకు మించి మేత ఉండదు, మిగిలిన ఏడు నెలలకు ఎండుగడ్డి కావాలి. సుమారు 350 కిలోల గుర్రానికి రోజుకు 7 కిలోల పొడిమేత అనుకున్నా, రెండింటికి 210 రోజులకు దాదాపు 3 టన్నులు. ధర తక్కువున్నప్పుడే కొని, కింద చెక్కలు వేసి నిల్వ చేయండి. మోపు మధ్యలో చెయ్యి దూర్చి చూడండి, వెచ్చగా తగిలినా బూజు వాసన వచ్చినా తీసుకోకండి, గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది. వరిగడ్డి ఒక్కటే పెట్టి నెట్టుకొద్దామనుకోకండి, దాంట్లో బలం లేదు.

మార్చి వచ్చాక పొలాన్ని పూర్తిగా మూసేయండి. నేల తేలిన చెలకలో వదిలితే గడ్డితో పాటు ఇసుకా మట్టీ మింగుతాయి, అది పేగులో పేరుకుని కడుపునొప్పి వస్తుంది. అనుమానముంటే ఐదారు లద్ది ఉండల్ని, నేలకు తగలని పైవి మాత్రమే తీసి, బకెట్ నీళ్లలో కలిపి కాసేపు వదిలేయండి. నీళ్లు మెల్లగా వంచేశాక అడుగున చేతికి గరగర తగిలితే ఇసుక తింటున్నట్టే, డాక్టర్‌ను పిలవండి.

ప్రశ్న: మా పక్కన డెయిరీవాళ్లు సూపర్ నేపియర్ గడ్డి ఉచితంగా ఇస్తామంటున్నారు. గుర్రానికి రోజూ అదే వేసి, ఉలవలు, తవుడు పెడితే చాలా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: రోజూ అదే అంటే వద్దమ్మా. నేపియర్, గినీ, అంజన్ లాంటి గడ్డుల్లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. అది మేతలోని కాల్షియాన్ని పట్టేసి గుర్రానికి అందనివ్వదు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను విరగ్గొడతాయి కాబట్టి ఆ డెయిరీలో ఇబ్బంది కనపడదు. గుర్రానికి పొట్టలో ఆ సౌకర్యం లేదు. కాల్షియం చాలక ఎముకల నుంచి తీసుకుంటుంది, దానిపైన ఫాస్ఫరస్ ఎక్కువున్న తవుడు కూడా పెడితే నష్టం రెట్టింపు. మొదట నడక బిగుసుకుంటుంది, ఇవాళ ఒక కాలు రేపు ఇంకో కాలు కుంటుతుంది, నెలలు గడిచాక మొహం ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి. పాలిచ్చే గుర్రాలకు, పిల్లలకు ఇంకా ప్రమాదం. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతాల్లో గుర్రాలు పెంచేవాళ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు.

మేతలో ప్రధాన భాగం గరిక, రోడ్స్ గడ్డి ఉండేలా చూసుకోండి. కాల్షియం ఎక్కువుండే లూసర్న్ మేత కొంచెం కలపండి, తవుడు తగ్గించండి. నేపియర్ అప్పుడప్పుడు కాస్త వేస్తే ఫర్వాలేదు. జొన్న మాత్రం పచ్చిది అసలు వద్దు. పిలకల్లో నాము (సైనైడ్ విషం) సంగతి మన రైతులకు తెలిసిందే, గుర్రానికి దాంతో పాటు వెనక కాళ్లు తూలడం, మూత్రం బొట్టుబొట్టుగా కారడం కూడా రావచ్చు, ఒకసారి నరాలు దెబ్బతింటే చాలావరకు కోలుకోవు.

ప్రశ్న: ఫాంహౌస్ కంచె వెంట గన్నేరు ఉంది. గుర్రం దాన్ని తినదు కదా?

జవాబు: మేత దొరికితే తినకపోవచ్చు, ఎండాకాలంలో ఆ నమ్మకం పెట్టుకోకండి. కొద్ది ఆకులకే గుండె ఆగిపోతుంది. ఎండిన ఆకులో కూడా విషం పోదు, పైగా ఎండితే తేలిగ్గా తింటుంది. కాబట్టి నరికి అక్కడే కుప్ప వేయకండి, వేళ్లతో సహా తీయించి, రాలిన ఆకులు ఊడ్పించి, గుర్రాలు పోని చోట గుంత తీసి పూడ్చండి. ఆ పని అయ్యేదాకా గుర్రాల్ని అటువైపు వదలొద్దు.