ముందు నది, తర్వాత సైకిల్

నల్గొండ నుంచి మూడు రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సైకిల్ ట్రైల్ (మట్టి బాటల్లో తొక్కడం), రాఫ్టింగ్ (ఉరికే నదిలో గాలి తెప్ప మీద వెళ్లడం) రెండూ చేయాలనుకుంటున్నామని, సోమశిల సరిపోతుందా అని, మీ ఆవిడకు ఈత రాదని రాశారు. మాది పాలమూరు. నాకూ ఈత రాదు. అయినా మా ఆయనా నేనూ రెండేళ్ల కింద రెండూ చేసొచ్చాం.

సోమశిలలో రాఫ్టింగ్ ఉండదు. అక్కడున్నది శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ. రాఫ్టింగ్ కావాలంటే నది పల్లానికి ఉరకాలి, మధ్యలో బండలుండాలి. సోమశిలలో పుట్టి ఎక్కొచ్చు, తెడ్డు వేసే ఆయన దాన్ని గిర్రున తిప్పితే సరదాగానే ఉంటుంది. లైఫ్ జాకెట్ ఇవ్వనంటే మాత్రం ఒడ్డునే కూర్చుని చేపల వేపుడు తిని వచ్చేయండి. 2007లో కొల్లాపూర్ వైపు ఇదే నీళ్లలో పడవ మునిగి పదుల మంది పోయారు.

సైకిల్ ప్రాక్టీసుకు అయితే సోమశిల పక్కా. కొల్లాపూర్ చుట్టూ మామిడి తోటల పక్కన మట్టి బాటలు, నది వైపు పోతుంటే గుట్టలు. ఒక ఆదివారం అక్కడ తొక్కి చూసుకోండి, ఇద్దరి దమ్మూ తెలిసిపోతుంది. అమ్రాబాద్ అడవి లోపల బాటల జోలికి పోకండి, అది టైగర్ రిజర్వ్.

మన దగ్గర ట్రైల్‌లో అసలు శత్రువు ఎత్తు కాదు, పల్లేరు కాయ. మా మొదటి రోజు గంటలో మూడు పంక్చర్లు. ట్యూబ్ మార్చి బయల్దేరిన పది నిమిషాలకే మళ్లీ గాలి దిగేది. చివరికి టైరు లోపల వేలు పెట్టి తడిమితే విరిగిన ముల్లు మొన తగిలింది, నెయిల్ కట్టర్‌తో పట్టి లాగితే వచ్చింది. పాత ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ వేయడమే మేం చేసిన తప్పు. ట్యూబ్‌లో సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపలి నుంచే మూసే ద్రవం) పోయించుకోండి, రెండు స్పేర్ ట్యూబులు, చేతి పంపు పెట్టుకోండి. వాన పడిన మర్నాడు నల్లరేగడి బాట ఎక్కకండి, బురద చక్రానికీ ఫోర్క్‌కూ మధ్య అతుక్కుని సైకిల్‌ని భుజాన మోయాల్సి వస్తుంది.

అసలు ట్రిప్ కర్ణాటకలోని దాండేలికి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరి హుబ్బళ్లిలో దిగితే అక్కడి నుంచి సుమారు 75 కిలోమీటర్లు. రాఫ్టింగ్ గణేశ్‌గుడి దగ్గర, కాళీ నదిలో, సూపా డ్యాం దిగువన. పైనుంచి నీళ్లు వదిలితేనే తెప్ప కదులుతుంది కాబట్టి ఆ రోజు ఉందా లేదా ముందే ఫోన్ చేసి అడగాలి. వానాకాలంలో వద్దు. ఇంకోటి, ఎన్ని కిలోమీటర్లో రాతలో తీసుకోండి. మాకు లాంగ్ రైడ్ అని డబ్బు కట్టించుకున్నవాళ్లు ఒక కిలోమీటరు చుట్టు తిప్పి దింపేశారు. గొడవపడితే సగం తిరిగిచ్చారు. మర్నాడు వేరే వాళ్ల దగ్గర వెళ్లాం.

ఈత రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ర్యాపిడ్లను, అంటే నది బండల మధ్య ఉరికే చోట్లను, 1 నుంచి 6 వరకు గ్రేడ్లుగా లెక్కేస్తారు, కొత్తవాళ్లు 2, 3 దాటకూడదు. ఈత రాదని గైడ్‌కు ముందే చెప్పాలి. నేను సిగ్గుపడి చెప్పలేదు, తెప్ప ఎగిరినప్పుడు గుండె గొంతులోకి వచ్చింది. జాకెట్ పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, చెవుల దాకా లేస్తే ఇంకా వదులన్నట్టు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు నీళ్లు పోయే వైపుకు పెట్టాలి. నిలబడాలని చూడకూడదు, రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే ప్రవాహం ముందుకు తోసి పడేస్తుంది. తెడ్డు చివర అడ్డపిడిని ఎప్పుడూ వదలకండి, వదిలితే పక్కవాళ్ల పళ్లే రాలేది.

నదీ సైకిలూ ఒకే రోజు పెట్టుకోవద్దు. మేం మొదట సైకిల్ తొక్కాం. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని నా అరచేతులు బొబ్బలెక్కాయి, మర్నాడు తెడ్డు పట్టుకుంటే మంట. మొదటి రోజు ప్రయాణం బడలికకు వదిలేయండి. రెండో రోజు పొద్దున నది, మధ్యాహ్నం నిద్ర. మూడో రోజు పొద్దున్నే సైకిల్. దాండేలి చుట్టూ కూడా పులుల అడవే, గైడ్ చూపించిన దారిలోనే తొక్కండి.

సైకిల్ మీద ఎవరు నెమ్మదైతే వాళ్లు ముందుండాలి. మా ఆయన ముందుకు దూసుకుపోయి, మలుపులో ఆగి, నేను రొప్పుతూ చేరగానే "పదా" అని బయల్దేరేవారు. ఆయనకు రెస్ట్ దొరికింది, నాకు దొరకలేదు. రెండో మలుపు దగ్గర సైకిల్ కింద పడేసి రాయి మీద కూర్చున్నా. ఆ తర్వాత తొమ్మిది కిలోమీటర్లూ ఆయన నా వెనకే వచ్చారు.